రద్దయిన మనిషి

పక్కింట్లో ఏం వండుకున్నారు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఆ మూల గదికి తాళం ఎందుకుంది, ఇవన్నీ తెలుసుకోవాలన్న దురద నాకు పుట్టుకతోనే ఉంది. మా అమ్మ దాన్ని రోగం అనేది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే నీకు?" అని నెత్తి మీద ఒకటి మొట్టేది. అలాంటి నన్ను ఇరవై రెండేళ్ల వయసులో సర్కారే పిలిచింది. ఇంటింటికీ పో, అడగరానివన్నీ అడుగు, జవాబు చెప్పకపోతే తప్పు వాళ్లది అని చేతికి కాగితాలిచ్చింది. ఇంకేం కావాలి నాకు!

అది యాభై ఒకటి ఫిబ్రవరి. దేశమంతా జనాభా లెక్కలు. పాతబస్తీలో ఆ మాట చాలామందికి తెలియదు, మర్దుంషుమారీ అంటేనే అర్థమయ్యేది. నేను ఛత్రినాక దగ్గర ఆడపిల్లల బడిలో పంతులమ్మను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మా ఇల్లు ఉప్పుగూడలో, బాపు ఒక చిన్న గుడిలో పూజారి. మా వైపు పరదా పాటించే ఇళ్లు ఎక్కువ. మగ ఉద్యోగి పోతే ఇంటాయన గుమ్మంలోనే ఆపి, "లోపల నలుగురు ఆడోళ్లున్నరు" అనేవాడు. పేర్లు అడిగితే, "ఆడోళ్ల పేర్లు నీకెందుకయ్యా?" అనేవాడు. వెనకటి లెక్కలు చాలా ఇళ్లల్లో అలాగే అయ్యాయట. కాకి లెక్కలు! ఈసారి లోపలికి పోయి చూడగల మనిషి కావాలని నన్ను తీసుకున్నారు. జహనుమాలో కొన్ని గల్లీలు, ఇటు ఉప్పుగూడలో మా గల్లీ, ఈ రెండూ నా వంతు.

మాకు పని నేర్పినాయన ఒక ముసలి హెడ్మాస్టరు. షేర్వానీ బొత్తాలు మెడదాకా పెట్టుకుని, పాన్ నములుతూ, ఉర్దూ తెలుగూ కలిపి పాఠం చెప్పేవాడు. ఆయనే మా సూపర్‌వైజర్. మంచివాడే. పాత సర్కారులో ముప్పై ఏళ్లు నౌకరీ చేశాడు, పోలీస్ యాక్షన్ తర్వాత కొత్త సర్కారులోనూ చేస్తున్నాడు. "ఏ సర్కారైనా సర్కారే బేటీ, కుర్చీల ఎవరు కూసున్నరని మనకెందుకు?" అనేవాడు. నిజానికి ఆ కొత్త సర్కారును కూడా మేమెవ్వరం ఓటేసి తెచ్చుకోలేదు. ఎలక్షన్లు ఇంకా రాలేదు. పైనుంచి పంపినవాళ్లు పాలించేవాళ్లు, మేం గోడ మీద అంటించిన నోటీసులు చదువుకునేవాళ్లం. మా బడి గోడ మీద కూడా ఒకటి ఉండేది: వెట్టి రద్దయింది, ఎవరూ ఎవరికీ ఊరికే పని చేయనక్కరలేదు. పాత సర్కారు కూడా ఇదే హుకుం ఎప్పుడో ఇచ్చిందని బాపు చెప్పేవాడు. రెండు సర్కార్లు రద్దు చేశాక ఇంకెక్కడిది అనుకునేదాన్ని నేను.

హెడ్మాస్టరుగారు రెండు నియమాలు మా బుర్రల్లోకి ఎక్కించాడు. ఒకటి, మనిషికో స్లిప్పు తీసి, ఆ మనిషి ఏం చెబితే అది రాయాలి, మనం అనుకున్నది కాదు. రెండోది, రాసుకున్నది ఎవరికీ చెప్పకూడదు, అది కోర్టులో సాక్ష్యానికి కూడా పనికిరాదు, చట్టం అలా ఉంది. అందుకే ఈ కథలో నేను ఎవరి పేరూ చెప్పటం లేదు. ముసలిదాన్నయ్యాను గానీ ఆ మాట ఇంకా తప్పలేదు.

మొదటి వారం నాకు పండగే. "వయసెంత అవ్వా?" అంటే ఒకామె, "మూసీ పొంగినప్పుడు నేను కడుపుతోని ఉన్న, లెక్క నువ్వే జూస్కో" అంది. ఇంకొకామె మొగుడి పేరు నోటితో చెప్పదు. వాకిట్లో ముగ్గుపిండితో రాద్దామంటే చదువు రాదు. చివరికి పక్కింటామె కిటికీలోంచి అరిచి చెప్పింది. పరదా వెనక నుంచి ఒక బేగం తన వయసు ముప్పై అంది, వెంటనే కొడుకు వయసు ఇరవై ఆరు అంది. నేను రెండూ అలాగే రాసుకొచ్చాను. చెప్పింది రాయాలి కదా.

రెండో వారం జహనుమాలో ఆ ఇంటికి వెళ్లాను. పెద్ద ప్రహరీ, ఏనుగు దూరే గేటు. పల్లెల్లో సంఘాలవాళ్లు లేచిన కాలం అది, దొరలు చాలామంది గడీలకు తాళాలు వేసి పట్నం చేరారు. ఈ దొర కూడా అలా వచ్చి ఆ ఇంట్లో కిరాయికి దిగినవాడే. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లేవలేదు గానీ మర్యాదగానే చెప్పాడు.

"రాసుకోండ్రి. నేను, దొరసాని, ఇద్దరు కొడుకులు, బిడ్డ. అయిదుగురం."

"పనివాళ్లు?"

"ఉన్నరు. పొద్దుమీకితె వాళ్ల ఇండ్లకు వాళ్లు పోతరు."

ఆడవాళ్లను చూడాలన్నాను. ఆయన కనుబొమలు లేపాడు గానీ కాదనలేదు. లోపల పెళ్లి సందడి. మాఘమాసం, బిడ్డ పెళ్లికి పది పన్నెండు రోజులుంది. దొరసానితో, పెళ్లికూతురితో పని అయిపోయింది. అక్కడితో వచ్చేయవచ్చు. కానీ వెనక వాకిట్లో రోకలి పోటు వినబడుతోంది. నా దురద తెలుసు కదా, అటు నడిచాను.

ముప్పై దాటని ఒకామె పసుపు కొమ్ములు దంచుతోంది. ముఖమంతా పసుపు దుమ్ము. పక్కన ఏడెనిమిదేళ్ల పిల్ల కూర్చుని జల్లెడ పడుతోంది. పిల్ల కాళ్లకు వెండి కడియాలు కొత్తగా మెరుస్తున్నాయి.

"రాత్రి యాడ పంటవు?" అని అడిగాను. లెక్కలో మొదటి ప్రశ్న అది కాదు. కానీ ఎవరు ఏ ఇంటి మనిషో తేలాలంటే అదే అసలు ప్రశ్న అని వారం రోజుల్లో నాకు అర్థమైంది.

"గీ కొట్టం పక్కకె."

"ఎన్నేండ్ల సంది?"

ఆమె రోకలి ఆపింది. "దొరసానమ్మ పెండ్లయి అచ్చినప్పటి సంది. నాకప్పుడు పండ్లూడుతుండె."

నా వెనకాలే వచ్చిన దొరసాని అందుకుంది. "మా ఇంటి మనిషేనమ్మా. బిడ్డ లెక్కనె సూసుకుంటం."

"బిడ్డ లెక్కన అంటె స్లిప్పుల రాయనీకి లేదమ్మా. బిడ్డ అని రాయన్నా?"

దొరసాని ముఖం మాడింది. అప్పుడు ఆమే చెప్పింది, పసుపు దంచే ఆమె, ఎవరి పేరో చెప్పినంత మామూలుగా: "ఆడబాప అని రాయి."

ఆ మాట నేను పల్లెల నుంచి వచ్చినవాళ్ల నోట విన్నానే గానీ మనిషిని చూడలేదు. దొరల ఇళ్లల్లో ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు మంచం, బిందెలతో పాటు ఒక పిల్లను కూడా వెంట పంపుతారు. ఆ పిల్ల అక్కడే పెరిగి, చచ్చేదాకా ఆమెకు చాకిరీ చేస్తుంది. జీతం ఉండదు, పెళ్లి ఉండదు. మా బడి గోడ మీద రద్దయిన వెట్టి నా ముందు కూర్చుని పసుపు దంచుతోంది!

దొరసానిని ఎవరో పిలిస్తే లోపలికి పోయింది. నేను కింద చతికిలబడి స్లిప్పు తీశాను. ఒక్కొక్కటే అడిగాను.

పుట్టిన ఊరు ఏదంటే, పేరు తెలియదంది. "మస్తు నెమళ్లుండె మా ఊర్ల. పొద్దుగాల్నే అరుస్తుండె." నేను అదే రాశాను. పెళ్లి అయిందా అంటే, "మాకు పెండ్లేంది పంతులమ్మా" అంది. పిల్ల ఎవరంటే, "నా బిడ్డ." తండ్రి ఎవరని అడిగే గడి స్లిప్పులో లేదు. నేనూ అడగలేదు. బతుకుదెరువు దగ్గర మాత్రం పెద్ద చిక్కొచ్చింది.

"జీతమెంత?"

"జీతమా?" ఆమె రోకలి కొనకంటిన పసుపు దులిపింది. "తింట. దొరసానమ్మ ఇడిచిన చీర కడత."

మాకిచ్చిన పుస్తకంలో మనుషులు మూడు రకాలు. తన బతుకు తాను బతికేవాళ్లు, కొంచెం సంపాదించేవాళ్లు, ఏమీ సంపాదించకుండా ఇంకొకరి మీద ఆధారపడేవాళ్లు. సంపాదన డబ్బుల్లోనే ఉండాలని లేదు, గింజల్లో ఉన్నా సరే. నేను పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. తిండిని సంపాదన అనుకుంటే ఈమె తన బతుకు తాను బతికే మనిషి అవుతుంది. కాదనుకుంటే, పొద్దున్నుంచి ఇంటెడు చాకిరీ చేసే మనిషి దొర మీద ఆధారపడి ఊరికే తింటున్నట్టు అవుతుంది. ఎటు చూసినా అబద్ధమే. పుస్తకం రాసిన పెద్దమనిషి ఈ ఇంటి వెనక వాకిలి చూసి ఉండడు. నేను గడి దాటి రాశాను: దొరసాని పెళ్లప్పుడు వెంట పంపిన ఆడబాప, ఇంటి చాకిరీ, జీతం లేదు.

నేను లేవబోతుంటే ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గిది ఎవలు సదువుతరు?"

"పైన సర్కారు."

"గిది నా బిడ్డనే అని రాసినవా?"

"రాసిన."

"అయితె గీ కాయిదం సూపిస్తె ఆపొచ్చా?"

"ఏంది ఆపేది?"

"పెండ్లయినంక పెండ్లిపిల్ల ఎంబడి దీన్ని పంపుతరు. కడియాలు గందుకే ఏసిండ్రు."

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా చెప్పుకుంటారు. ఈ కాగితం మనుషుల్ని లెక్కపెట్టడానికే గానీ కాపాడటానికి కాదు, సాక్ష్యానికి కూడా పనికిరాదు అని చెప్పాలి. చెప్పలేకపోయాను. "చూద్దాం" అన్నాను. చూద్దాం! సిగ్గులేని మాట. ఇంటికి పోయే దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు సాయంత్రం స్లిప్పులు హెడ్మాస్టరుగారికి చూపించాలి. ఆయన ఒక్కొక్కటే తిప్పుతూ ఆ స్లిప్పు దగ్గర ఆగాడు. పాన్ నమలటం కూడా ఆగిపోయింది.

"ఏంది బేటీ ఇది? నెమళ్లున్న ఊరు?"

"ఆమె చెప్పింది సార్."

"సరే, అది కొట్టేస్త. ఇది ఏంది, జీతం లేదు?"

"అదీ ఆమెనే చెప్పింది."

"ఎట్ల చెప్తది? వెట్టి రద్దు. హుకుం అయ్యింది. లేనిదాన్ని నువ్వెట్ల రాసినవు?"

"లేనిది కాదు సార్. నేను చూసొచ్చిన. పసుపు దంచుతుండె."

"నువ్వు చూసినవు. హుకుం చూడలే." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపం కాదది, భయం. "ఇది పైకి పోతె ఏమైతదో తెలుసా? సర్కారు లేదన్నది, మన కాయిదం ఉన్నదన్నది. అప్పుడు సర్కారు తప్పయితదా, నేనయితనా? నౌకరీ పర్మనెంటు కావాలని లేదా నీకు?"

నాకు ఒళ్లు మండింది. అదే సమయంలో తమాషాగానూ అనిపించింది. ఇంత పెద్ద సర్కారు, పోలీసులు, కచేరీలు, గోడల నిండా నోటీసులు. అరచేయి వెడల్పు లేని ఈ స్లిప్పును చూసి భయపడటమేంది? అప్పుడు అర్థమైంది నాకు. నోటీసు రాసేవాడు కుర్చీలో కూర్చుని రాస్తాడు. ఈ స్లిప్పును రాయాలంటే మాత్రం ఎవరో ఒకరు వెనక వాకిలి దాకా నడిచి వెళ్లాలి. సర్కారే నడవమని పంపింది, మళ్లీ చూసిందాన్ని చెప్పొద్దంటోంది.

"మీరు కొట్టేయండ్రి సార్, నేను కొట్టెయ్య. లేకుంటె మీరే వచ్చి ఆమెను అడుగుండ్రి" అన్నాను. ఆయన కాగితం మళ్లీ చదివాడు. ముప్పై ఏళ్లలో ఒక్క తప్పుడు లెక్క పైకి పంపలేదని ఆయనకు గర్వం. చివరికి, "చలో, తహకీకాత్ చేద్దాం. నేనే పోయి విచారిస్త" అన్నాడు.

మూడు రోజుల తర్వాత ఇద్దరం వెళ్లాం. వరండా నిండా మనుషులు. వియ్యంకులు వచ్చారు, పిల్లతో పాటు పంపే సామాను జాబితా రాసుకోవడానికి. దొర దగ్గర పనిచేసే గుమాస్తా చదువుతున్నాడు, వియ్యంకుడు తల ఊపుతున్నాడు. పందిరి మంచం, పరుపులు, గంగాళాలు, రాగి బిందెలు, పాలిచ్చే బర్రె. బర్రె తర్వాత, "ఎంబడి పోయే పిల్ల" అని అదే గొంతుతో చదివాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు. నేను హెడ్మాస్టరుగారి వంక చూశాను. ఆయన తన షేర్వానీ బొత్తాం వంక చూసుకుంటున్నాడు.

కుర్చీలు వేశారు, షర్బత్ ఇచ్చారు. ఆయన గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా, మర్దుంషుమారీ విషయంలో చిన్న సందేహం అన్నాడు. "ఈ ఇంట్ల జీతం లేకుంట పనిచేసే మనిషి ఉన్నదని మా కాయిదంల రాసి ఉన్నది. వెట్టి అనే అర్థం వస్తున్నది. అదొక్కటి మీ నోటితోని చెప్తే..."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు దొర చుట్టూ చూశాడు. ఆయన కంటే ముందు వియ్యంకుడు అదిరిపడ్డాడు. "ఏంది బావా ఇది? మా పిలగానికి మొన్ననే సర్కారు నౌకరీ అచ్చింది. గిసొంటియి కాయిదం మీదికి రావద్దు."

దొర గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు వాకిట్లో అందరికీ వినబడాలి. "వెట్టా? యే, ఆ కాలం పోయింది మాస్టర్ సాబ్! జీతానికే ఉన్నది. పిల్ల ఆమెది, తల్లి ఇష్టం. ఉండాలంటె ఉంటది, పోవాలంటె పోతది. ఎవడాపుతడు?"

"షుక్రియా!" హెడ్మాస్టరుగారి ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగాడు. "విన్నవు గద బేటీ? దురుస్తు చెయ్యి. జీతానికి ఉన్నది, తన ఇష్టంతోని ఉన్నది."

"ఆమె చెప్పాలె సార్" అన్నాను, చెడ్డ కోపంతో.

"ఇంటి యజమాని చెప్పిండు. రాయి."

ఓడిపోయాను. అంతమంది ముందు, పర్మనెంటు కాని ఉద్యోగంతో. స్లిప్పు తీసి, 'జీతం లేదు' మీద గీత గీశాను.

వెనక వైపు నుంచి ఆమె వచ్చింది. ఆ వరండాలోకి ఆమె ఊడవడానికి తప్ప రాదని తర్వాత చెప్పింది. చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, దొరను చూడకుండా, హెడ్మాస్టరుగారి ముందు నిలబడింది.

"సార్, దొర చెప్పింది కాయిదం మీద ఎక్కిందా?"

"ఎక్కిందమ్మా."

"పోవాలంటె పోతది అన్నది గూడ?"

ఆయన తడబడ్డాడు. "ఆ... ఎక్కింది."

"మల్ల మారదు గద?"

"సర్కారు కాయిదం. మారదు."

"అయితె పోతున్న" అంది. వెనక్కి తిరిగి పిల్లను పిలిచింది. పిల్ల పరుగెత్తుకొచ్చింది, చేతిలో జల్లెడతోనే.

దొర నోరు తెరిచాడు. వియ్యంకుడు ఎదురుగా ఉన్నాడు, సర్కారు మనిషి ఎదురుగా ఉన్నాడు, ఇప్పుడే అన్న మాట ఇంకా గాలిలో ఉంది. ఏమనగలడు? దొరసాని మాత్రం గుమ్మంలోంచి అరిచింది. "కడియాలు మావి! కడియాలిడిచి పో!" పిల్ల మెట్ల మీద కూర్చుంది. కొత్త కడియాలు, ఊడి రావు. తల్లి పక్కన కూర్చుని, ఉమ్మి రాసి, ఓపికగా ఒక్కొక్కటే లాగింది. జల్లెడ కూడా అక్కడే పెట్టించింది. తర్వాత ఇద్దరూ పెద్ద గేటులోంచి నడిచి వెళ్లిపోయారు. నాకు గట్టిగా ఈల వేయాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది.

గేటు బయట నిలబడి ఉంది నా కోసం. ఎటు పోవాలో తెలియదు పాపం. నెమళ్లున్న ఊరు ఎటుందో ఎవరికి తెలుసు? "మా ఇంటికి రా" అన్నాను. హెడ్మాస్టరుగారు నా పక్కన నడుస్తూ, "చూసినవా? సర్కారు చెప్పిందే నిజమైంది. వెట్టి లేదు" అన్నాడు. ఆయనతో వాదించే ఓపిక లేదు నాకు. పైగా ఆ క్షణంలో ఆయన అన్నది నిజమే మరి.

మా అమ్మ మొదట గుమ్మానికి అడ్డం నిలబడింది. పూజారి ఇల్లు, మడీ ఆచారం, ఎవరో ఏమో అని సణిగింది. పిల్ల ముఖం చూసి మెత్తబడి, కట్టెలు పెట్టుకునే వెనక గది ఇచ్చింది. రెండోరోజుకల్లా అమ్మ మాట మారింది. "చెయ్యి పడితె బోళ్లు అద్దాల లెక్క మెరుస్తున్నయే! మనిషి బంగారం!" అని బావి దగ్గర అందరికీ చెప్పింది. నడుం నొప్పి అని పదేళ్లుగా మూలిగే మా అమ్మ హాయిగా మధ్యాహ్నం కునుకు తీయడం మొదలుపెట్టింది. నేను బడి, లెక్కలు అని తిరుగుతూ, వచ్చేసరికి నా చీరలు ఉతికి మడతపెట్టి ఉంటే మురిసిపోయేదాన్ని. ఒక మనిషిని వెట్టి నుంచి విడిపించానని నాకెంత గర్వమో! బడిలో తోటి పంతులమ్మలకు పేర్లు చెప్పకుండా కథ కూడా చెప్పాను.

మార్చి ఒకటో తారీఖు సూర్యోదయానికి ఎవరు ఎక్కడున్నారో అదే అసలు లెక్క. ఆ తర్వాత రెండు మూడు రోజులు మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, పుట్టినవాళ్లను కలపాలి, పోయినవాళ్లను కొట్టేయాలి. జహనుమా ఇంటి కట్టలో ఆమె స్లిప్పును, పిల్ల స్లిప్పును నా చేత్తోనే సంతోషంగా కొట్టేశాను. అన్ని గల్లీలూ అయ్యాక, మూడో తారీఖు పొద్దున, మా ఇంటి అరుగు మీద కూర్చుని మా సొంత స్లిప్పులు ముందేసుకున్నాను. ఆమెను, పిల్లను మా ఇంట్లో రాయాలి.

ఇంటి యజమానికి ఏమవుతుంది అనే గడి వచ్చింది. బాపును అడిగాను. ఆయన తులసికోట దగ్గర పూలు సర్దుకుంటూ తల తిప్పకుండా, "ఏముందే, మన ఇంటి మనిషే. అట్లనే రాయి" అన్నాడు.

నా చేయి ఆగింది. ఈ మాట ఎక్కడో విన్నాను కదా అనుకునేలోపే, ఆమెను మిగతావి అడగడం మొదలుపెట్టేశాను. మూడు వారాల అలవాటు, ప్రశ్నలు వాటంతటవే నోట్లోంచి వస్తాయి.

"ఏం పని చేస్తవు?"

ఆమె నవ్వింది. "ఎర్క లేనట్టు అడుగుతవేంది? బోళ్లు తోముత. వాకిలి ఊడుస్త. బట్టలుతుకుత. నీళ్లు చేదుత."

"జీతమెంత?"

అడిగేశాను. అడిగాక గానీ తెలియలేదు ఏమడిగానో. ఆమె నవ్వు పోలేదు గానీ, కళ్లు నా మీద నుంచి తీసి వంటింటి గుమ్మం వైపు తిప్పింది. "నన్నడిగితె నాకేమెర్క? మీ అమ్మనడుగు."

అమ్మ గుమ్మంలోనే ఉంది. చేతిలో గరిటె. నా మొహం చూసింది, ఆమె మొహం చూసింది. "తిండి పెడుతున్నం గద..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. మా అమ్మ మాట మధ్యలో ఆపటం నేను అదే మొదటిసారి చూశాను. బాపు పూలు సర్దటం ఆపాడు. పక్కవాళ్ల ఇళ్లన్నీ తొంగి చూసిన దాన్ని, మా వెనక గది ఒక్కటి చూడలేదు.

ఆ సాయంత్రమే అమ్మ జీతం మాట్లాడింది. ఆమె నెల రోజులు మా ఇంట్లో చేసి, తర్వాత ఉప్పుగూడ స్టేషన్ దగ్గర పప్పు మిల్లులో చేరి, వేరే గది తీసుకుంది. పిల్ల మా బడిలో నా ముందే అక్షరాలు దిద్దింది. అవన్నీ తర్వాతి సంగతులు. స్లిప్పు మాత్రం ఒకటో తారీఖు పొద్దుటిది.

హెడ్మాస్టరుగారు ఆఖరి కట్ట చూస్తూ మళ్లీ ఆ రాత దగ్గర ఆగాడు. ఇంటి చాకిరీ, జీతం లేదు.

"మళ్లా ఇదేనా బేటీ? ఇది ఎవరిల్లు?"

"మాది సార్."

"ఇప్పుడన్న ఇస్తున్నరా?"

"నిన్నటి సంది ఇస్తున్నం."

"మరి గట్లనే రాయొచ్చు గద. దురుస్తు చెయ్యి. నీ నౌకరీ సంగతి జూస్కో."

"ఒకటో తారీఖు పొద్దటికి ఇస్తలేం సార్. రాసింది నిజమే."

ఆయన పెన్ను మూత తీశాడు. మళ్లీ పెట్టేశాడు. స్లిప్పును కొట్టకుండానే కట్టలో పెట్టి దారం ముడి వేశాడు. అది పైన ఏ మూటలో కలిసిందో, ఏ కూడికలో పడిందో నాకు తెలియదు. నా వంతు గల్లీలన్నిటిలో సర్కారు మాటను కాదన్న స్లిప్పు అదొక్కటే. ఇంటి యజమాని అన్న చోట మా బాపు పేరు ఉంది, నా చేతిరాతలో.